దసరా సెలవులు, తొమ్మిది వేల ప్రొజెక్టర్: రెండు నెలలు వాడినంక నా రివ్యూ

అక్టోబర్ మొదట్ల పండుగ సేల్ పడ్డప్పుడు 8,900 పెట్టి ఒక చిన్న ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ తీసుకున్న. ఇప్పుడు డిసెంబర్ 2023 నడుస్తున్నది, అంటే రెండు నెలలు దాటింది, మా దసరా సెలవులన్నీ దాని చుట్టే తిరిగినయి కాబట్టి మంచీ చెడ్డా రెండూ రాస్తున్న. కంపెనీ పేరు రాస్తలేను, ఎందుకంటే గదే డబ్బా, గదే రిమోటు, గదే మెనూ ఐదారు పేర్లతోని అమ్ముతున్నరు, నేను చెప్పేది ఈ ధరల దొరికేటివాటికి చాలామట్టుకు వర్తిస్తది.

అసలు కొనాలన్న బుద్ధి పుట్టింది ఏప్రిల్‌ల. మా ఊళ్ళె పంచాయితీ ఆఫీసు ముందల తెర కట్టి బలగం సినిమా ఏసిన్రు, తెలంగాణల చానా ఊళ్ళల్ల అప్పుడు గట్లనే ఏసిన్రు, మీలో కూడా చూసినోళ్ళు ఉంటరు. నేను అప్పటికే థియేటర్ల ఒకసారి, ఫోన్ల ఒకసారి చూసిన్న గానీ ఆ రాత్రి చూసుడు వేరే. ఆఖర్ల బుడగజంగాల పాట వచ్చింది, పస్తం మొగిలయ్య గారు, కొమురమ్మ గారు పాడేది, మా నాయినమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని కూసున్నది, పాట ఒడిసి తెర మీద పేర్లు పడుతున్నా లేవలే, చాప దులుపుదాం లెవ్వే అంటే చెయ్యితోని ఆగమన్నది. ఇసొంటిది మళ్ళ మన వాకిట్ల ఎందుకు పెట్టుకోవద్దు అని ఆ రోజే అనుకున్న.

మాది జనగామ జిల్లా, దేవరుప్పుల దిక్కు. నేను పనిచేసేది హైదరాబాద్‌ల. పిల్లలకు స్కూళ్ళు 13 నుంచి 25 దాకా సెలవు ఇచ్చిన్రు, నేను కూడా లీవు కలుపుకోని అందరం ఊరికి పోయినం.

ఇగ మిషన్ సంగతి. డబ్బా మీద 9,500 ల్యూమెన్స్ అని బొద్దు అక్షరాలతోని కొట్టిన్రు. లోపలి చిన్న పుస్తకంల ఆఖరి పేజీల మాత్రం 220 ఆన్సీ ల్యూమెన్స్ అని ఉన్నది. కొనేటోళ్ళు చూడాల్సింది ఈ రెండో నంబరే, తెర మీద తొమ్మిది చోట్ల వెలుగు కొలిచి సగటు తీస్తె వచ్చే లెక్క అది, మొదటి నంబరుకు ఏ లెక్కా లేదు. ఇట్ల రాసి అమ్ముడు నాకు అసలు నచ్చలే, ఇంట్ల వాళ్ళకు పగటిపూట కూడా కనబడ్తదని చెప్పి తీసుకపోయిన, పగలు తలుపులు కిటికీలు మూసినా బొమ్మ పాల నీళ్ళ లెక్క ఉన్నది. చీకటి పడ్డంక మాత్రం వేరే. వాకిట్ల లైట్ బంద్ చేసి పది అడుగుల దూరంల పెడితే ఏడున్నర అడుగుల వెడల్పు బొమ్మ వచ్చింది, అక్షరాలు నడిమిట్ల సూది లెక్క, మూలలకు కొంచెం మబ్బు. అదే 1080పి సంగతైతే ఇందుల నిజమే, కొన్నిటికి 1080పి సపోర్ట్ అని రాస్తరు గానీ లోపల ఉండేది 720 మాత్రమే, నేటివ్ అన్న మాట ఉన్నదా లేదా చూసుకోన్రి.

కీస్టోన్ అని ఒక ఆప్షన్ ఉంటది, బొమ్మ వంకరపోతే సరిచేసేది, అవసరమైతే తప్ప ముట్టుకోకున్రి, దాంతోని బొమ్మ మెత్తబడ్తది. మేము మంచం మీద కుర్చీ, కుర్చీ మీద రెండు పీటలు పెట్టి ఎత్తు సరిచేసినం, అది మంచిగ కుదిరింది.

తెర కోసం మాత్రం మూడు రోజులు తిప్పలు పడ్డం. మొదలు గోడ మీద ఏసినం, మా గోడకు లేత నీలం రంగు ఉన్నది, మనుషులందరు జరమొచ్చినోళ్ళ లెక్క కనబడ్డరు. తర్వాత బాపు తెల్ల పంచె కట్టినం, సగం వెలుగు అవుతలి దిక్కుకు పోయింది, గాలికి బొమ్మ ఊగుడు వేరే. ఆఖరికి మా చిన్నాయిన ఒక ఫ్లెక్సీ తెచ్చిండు. ఎలక్షన్ కోడ్ 9వ తారీఖు నుంచి పడ్డది కదా, పంచాయితోళ్ళు ఊరంతా కట్టిన ఫ్లెక్సీలు పీకి ఆఫీసు వెనుక కుప్ప పోసిన్రు, అడిగి ఒకటి తెచ్చుకున్నం. పది అడుగులకు ఆరడుగులు, ముందు దిక్కు ఒక లీడర్ దండం పెడుతున్న ఫొటో, వెనుక దిక్కు తెల్లగ, మెరుపు లేకుండ. ఆ వెనుక దిక్కు తిప్పి రెండు కట్టెలకు లాగి కట్టినం, ఒక్క ముడత లేదు. వెయ్యీ పన్నెండు వందలు పెట్టి స్క్రీన్ కొనే పని తప్పింది. మీకు ఇంట్ల పాత ఫ్లెక్సీ ఉంటె ముందు గదే చూడున్రి, నిజంగ చెప్తున్న.

సౌండు. మిషన్ల ఉన్న స్పీకర్ రూముల ఒక్కలు చూసుకుంటందుకు సరిపోతది, వాకిట్లకు పనికిరాదు. బ్లూటూత్ స్పీకర్ కలిపితే పెదవులు ఒకటి మాట ఒకటి అయితున్నది, సినిమాకు అది చానా చిరాకు. వెనుక 3.5 ఎంఎం రంధ్రం ఉన్నది, 150 రూపాయల ఆక్స్ వైరు తీసుకొచ్చి హనుమాండ్ల గుడి భజన మండలోళ్ళ ఆంప్లిఫయర్‌కు కలిపినం, ఇగ వాడకట్టంతా వినబడ్డది. మిషన్ ఫ్యాను చప్పుడు కూడా అందుల మునిగిపోయింది, లేకపోతే దగ్గర కూసున్నోళ్ళకు అది గుర్రుమని వినబడ్తనే ఉంటది.

పగటిపూట బొమ్మ కనబడదు కాబట్టి పాటలు పెట్టుకున్నం. పొద్దున తంగేడు, గునుగు పువ్వు కోసుకరానికి పిల్లలంతా చెల్కల పొంటి పోవుడు, వచ్చినంక గునుగుకు రంగులద్దుడు, మధ్యాహ్నం అరుగు మీద అష్టాచెమ్మా, వెనుక పాటలు. ఈ ఏడు నాకు పాటల మీద ప్రేమ పెరిగిన ఏడు. మార్చిల నాటు నాటుకు ఆస్కార్ వచ్చింది, రాసిన చంద్రబోస్ గారిది మా పాత వరంగల్ జిల్లా చల్లగరిగె, ఆ పొద్దు మా ఆఫీసుల తెలుగు రానోళ్ళు కూడా నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చిన్రు. అయినా నా ప్లేలిస్ట్‌ల ఎక్కువసార్లు తిరిగింది బలగంల ఊరు పల్లెటూరు. భీమ్స్ సంగీతం, కాసర్ల శ్యామ్ గారి మాటలు, రామ్ మిరియాల, మంగ్లీ పాడిన్రు. ఊరు గురించి రాసే పాటలల్ల సాధారణంగ చెరువు, పైరు, ముగ్గు వచ్చి పోతయి, ఇందుల మనుషులు ఒకళ్ళనొకళ్ళు పిలుసుకునే తీరు ఉన్నది, పాట వింటుంటే మా వాడకట్టుల ఎవరు ఏ టైముకు ఏం చేస్తరో కనబడ్తది. అదే శ్యామ్ గారు దసరా సినిమాకు రాసిన చమ్కీల అంగీలేసి మా అక్కకు ప్రాణం, మొగడూ పెండ్లం ఒకరి మీద ఒకరు చెప్పుకునే పాట, సంతోష్ నారాయణన్ తమిళాయన అయి ఉండి మన డప్పు దెబ్బను గంత సాఫ్‌గ ఎట్ల పట్టిండో. మొన్న వచ్చిన హాయ్ నాన్నల సమయమా కూడా మంచిగున్నది గానీ అది రాత్రి కార్ల ఒంటిగ వినే పాట, అరుగు పాట కాదు. భజన మండలి ఆంప్లిఫయర్ మీద డప్పు పాటలు మాత్రం గుండెల తగిలినయి, చిన్న బ్లూటూత్ డబ్బాలల్ల మనం ఎంత పోగొట్టుకుంటున్నమో అప్పుడు తెలిసింది.

22వ తారీఖు ఆదివారం మా ఊళ్ళె సద్దుల బతుకమ్మ, అదే రోజు ధర్మశాలల ఇండియా న్యూజిలాండ్ మ్యాచు. అప్పుడు ఫోన్ల మ్యాచు ఫ్రీగ వచ్చింది గానీ పెద్ద తెర మీదికి పంపాలంటే పైసలు కట్టాల్సి ఉండె, మా బావ అకౌంట్ తోని నడిపించినం. మధ్యాహ్నం రెండింటికి మొదలైతే మాకు తెర మీద కనబడింది చీకటి పడ్డంకనే, అంటే ఛేజింగ్ ఒక్కటే. కొంచెం సేపు కాంగనే బొమ్మంతా తెల్లగ పొగ పట్టినట్టయింది, పిల్లలు అన్నా ఫోకస్ పోయింది అని ఒర్రుడు, నేను రింగు తిప్పుతున్న, తిప్పుతుంటే అంపైర్లు ఆటగాళ్ళను తీసుకోని బయటికి పోతున్నరు, చూస్తె అది ధర్మశాల మంచు. మిషన్ తప్పు లేదు. మళ్ళ మొదలైనంక కోహ్లీ 95 కాడ ఔటయ్యేసరికి వాకిలంతా అయ్యో అన్నది. మ్యాచుకు ఈ ప్రొజెక్టర్ సరిపోతదా అంటే బాల్ కనబడ్తది, వేగంగ పోయేటప్పుడు కొంచెం తోక లెక్క గీత పడ్తది, నడుస్తది.

బతుకమ్మ కాడ మాత్రం ఒక మాట. పొద్దుగూకంగ మా చిన్నాయిన కొడుకు ఆంప్లిఫయర్ తెచ్చి చెరువు కట్ట కాడ డీజే బతుకమ్మ పాటలు పెట్టబోయిండు, మా మేనత్త అది బంద్ చెయ్యమన్నది. చేసినంక తనే ఎత్తుకున్నది, ఒక్కేసి పువ్వేసి చందమామ అని, యాభై అరవై మంది ఆడోళ్ళు చప్పట్లతోని అందుకున్నరు. ఆమెకు డెబ్బై ఏండ్లు, గొంతు రెండో వరుసకు కీచుమన్నది, మూడో వరుసకు సాఫ్ అయింది, ఆడికెళ్ళి గంటన్నర ఆపలే. ఈ ఏడు నేను విన్నవాటిల్ల దీన్ని కూడా లెక్కల పెడ్త, ముందు వరుసల పెడ్త.

పండుగ తెల్లారి రాత్రి అసలు నేను అనుకున్న సినిమా ఏసిన, మా భూమి, నిజాం కాలంల దొరల మీద తెలంగాణ రైతులు చేసిన సాయుధ పోరాటం కథ. ఆగస్టు 6న గద్దర్ పోయినప్పటి నుంచి నా మనసుల ఉన్నది. ఆయన పాడిన బండెనక బండి కట్టి అందరికీ ఎరుకే, రీల్స్‌ల కూడా వస్తది, గానీ ఆ పాట ఆ సినిమాల ఏ జాగల వస్తదో మా పిల్లలెవ్వరికీ తెల్వదు. పాట కట్టింది బండి యాదగిరి, సాయుధ పోరాటంల ఉన్న మనిషి. సినిమా తీసింది గౌతమ్ ఘోష్ అనే బెంగాలాయన, అది ఆయన మొదటి కథా చిత్రం, నిర్మాణంల బి. నర్సింగరావు గారు, కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారం. మాకు కడవెండి పది పన్నెండు కిలోమీటర్లే, ఆ పోరాటంల మొదటి అమరుడు దొడ్డి కొమురయ్య 1946 జూలై 4న నేలకొరిగింది ఆడనే, అంటే ఈ కథ మా ఊరి పక్క నడిచిన కథ, అయినా మా తరం దాన్ని పోటీ పరీక్షల పుస్తకంల చదువుకున్నం అంతే.

ఎలక్షన్ల సీజను కాబట్టి పొద్దంతా ఆటోల మీద మైకులు తిరుగుతనే ఉన్నయి, అన్ని పార్టీల పాటలూ ఒకటే దరువు, ఎటు విన్నా గద్దర్ తొవ్వల నడిచే పాటలే. రాత్రి ఎనిమిదింటికి ఆటోలు ఆగినంక మొదలు పెట్టినం. నలభై మంది దాకా వచ్చిన్రు. నేను భయపడ్డ, నలుపు తెలుపు సినిమా, రెండున్నర గంటల పైన, ప్రింటు గీతలు పడ్డది, పిల్లలు లేచి పోతరేమో అని. పది మంది పోయిన్రు కూడా, దాచేదేం లేదు. మిగిలినోళ్ళు కదలలే.

ఇక్కడ ప్రొజెక్టర్ గురించి ఒకటి చెప్పాలె. ఈ ధరల మిషన్లకు నలుపు రాదు, బూడిద రంగే వస్తది. రంగుల సినిమాల అది అంత తెల్వదు, నలుపు తెలుపుల కొట్టొచ్చినట్టు కనబడ్తది. కానీ మా భూమిల ఎక్కువ భాగం ఎండల, చెల్కలల్ల, మొఖాల మీద నడుస్తది, అందుకే బతికిపోయినం. హీరో సాయిచంద్ మొఖం ఏడడుగుల తెర నిండ వచ్చినప్పుడు నేను ఇన్నేండ్లు ఫోన్ల చూసింది సినిమానేనా అనిపించింది.

మా ఎదురింటి తాతకు ఎనభై ఐదు దాటినయి. ముందుగాల అరుగు మీద కూసున్నడు, గడీ, అంటే దొర ఉండే కోట, తెర మీదికి రాంగనే లేచి వచ్చి తెరకు మూడు అడుగుల దూరంల నిలబడ్డడు. ఆయన నీడ పడి సగం బొమ్మ పోయింది, పిల్లలు కూసో తాతా అంటున్నరు, ఆయన కట్టె ఎత్తి చూపిస్తున్నడు, ఆ కట్టె నీడ గడీ తలుపు మీద పడ్డది. "చెప్పులు చేతుల పట్టుకోని పోయేది బిడ్డా గాడికెళ్ళి, మా నాయిన నన్ను ఎత్తుకోని పోయేది, నేను ఏడిస్తె నోరు మూసేది" అన్నడు. నేను సినిమా ఆపిన. ఆపినంక ఇంకో ఇద్దరు ముసలోళ్ళు అందుకున్నరు, ఎవరింట్లకెళ్ళి ఎవరు ఎట్టికి (కూలి లేని పనికి) పోయిన్రు, ఏ దొరకు ఏం కట్టిన్రు, ఎవరి పసులను తోలుకపోయిన్రు అని పేర్లతోని సహా. ఇరవై నిమిషాలు ఇదే ముచ్చట. థియేటర్ల ఇట్ల ఆపనియ్యరు, ఓటీటీల ఒక్కనివే చూస్తె ఆపాల్సిన పని పడదు.

పల్లెటూరి పిల్లగాడా పాట వచ్చినప్పుడు మా అక్క బిడ్డ, పదేండ్లది, ఆ పిల్లగానికి స్కూలు లేదా మామా అని అడిగింది. ఆ పాట రాసిన సుద్దాల హనుమంతు గారి ఊరు మాకు దూరమేం కాదు, ఒకరోజు తీసుకపోత అని చెప్పిన, ఇంకా తీసుకపోలే, సంక్రాంతికి పోవాలె. గద్దర్ గొంతు రాంగనే ఎనుక కూసున్న పోరగాళ్ళు ఫోన్లు జేబుల పెట్టుకున్నరు. ఆయన అంత పడుచుగ ఉండంగ వాళ్ళు ఎన్నడూ చూడలే, తెల్ల గడ్డం, భుజాన గొంగడి మనిషే వాళ్ళకు ఎరుక. ఆఖర్ల పోలీస్ యాక్షన్ (నిజాం మీదికి ఇండియా మిలట్రీ వచ్చుడు) తర్వాత దొర గాంధీ టోపీ పెట్టుకోని ఊళ్ళెకు తిరిగి వస్తడు చూడున్రి, ఆ సీనుకు మా బాపు, ఎన్నడూ రాజకీయం మాట్లాడనాయన, "గదే కదరా" అని ఒక్క మాట అన్నడు. రాజకీయ సినిమా అంటే నాకు గిట్లనే ఉండాలె, ఏ జెండా కట్టుకోవాల్నో చెప్పకున్నా భూమి ఎవని చేతుల నుంచి ఎవని చేతులకు పోయిందో చూపియ్యాలె. ఈమధ్య రాజకీయం అని వచ్చేటివాటిల్ల హీరో మైకు ముందట పది నిమిషాలు డైలాగు కొట్టుడే ఎక్కువైంది, దాంట్ల ఊరు కనబడదు.

మర్నాడు రాత్రి దాసి పెట్టినం, నర్సింగరావు గారు తీసింది, అర్చనకు జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. ఇక్కడ మిషన్ చేతులెత్తేసింది. గడీ లోపలి గదులు, మసక వెలుగు, అంతా ఒకటే ముద్ద. బ్రైట్‌నెస్ పెంచినా లాభం లేదు, ఆ సినిమాను మంచి టీవీ మీద చూడాలె. అయినా ఆడోళ్ళు ఆఖరిదాకా కూసున్నరు, మా అమ్మ "ఆ పిల్ల ఒక్కమాట మాట్లాడదు, పని చేస్తనే ఉంటది" అని మూడు నాలుగు సార్లు అన్నది, రెండో రోజు పొద్దున గిన్నెలు తోముకుంట కూడా అదే అన్నది.

ఇగ తిప్పలు. ఒకటి, నలభై నిమిషాలకు వేడెక్కి ఫోకస్ జారుతది, లేచి రింగు కొంచెం తిప్పాలె, రెండున్నర గంటల సినిమాకు మూడు నాలుగు సార్లు. రెండు, పురుగులు. ఊళ్ళె రాత్రి లైటు కనబడితే పురుగు వస్తది, గాలి పోయే రంధ్రాల నుంచి ఒకటి లోపలికి పోయి నవంబర్‌ల తెర మీద నల్ల మచ్చ పడ్డది, ఎవరి మొఖం వచ్చినా చెంప మీద మచ్చనే. అమ్మినోళ్ళకు మెయిల్ చేస్తె వీడియో పంపమన్నరు, పంపితే ఇంకో వీడియో అన్నరు, నాలుగు మెయిళ్ళు, రెండు ఫోన్లు, ఆఖరికి 16 రోజులకు మార్చి ఇచ్చిన్రు. ఇచ్చిన్రు కాబట్టి అది ఒప్పుకుంట, గానీ వారంటీ కార్డు, బిల్లు దాచిపెట్టుకోకపోతే అంతే సంగతి. ఇప్పుడు గాలి రంధ్రాలకు సన్న దోమల జాలి కట్టిన, గాలి ఆడుతున్నదా లేదా చూసుకుంట వాడుతున్న. మూడు, దాని లోపలి యాప్‌లు నత్త నడక, వాటిని నమ్ముకోకున్రి, ల్యాప్‌టాప్‌కు పది మీటర్ల హెచ్‌డీఎంఐ వైరు కలుపుకున్నంక నాకు ఏ బాధ లేదు. కరెంటు 70 వాట్ల లోపే తింటది, ఒకరోజు కరెంటు పోతే ఇంట్ల ఇన్వర్టర్ మీద సినిమా మొత్తం నడిచింది.

పట్నంల అపార్ట్‌మెంట్ల హాల్ల పగలు చూద్దామనుకునేటోళ్ళు ఇది కొనకున్రి, ఆ పైసలకు ఇంకొన్ని కలిపి 43 ఇంచుల టీవీ తీసుకోన్రి. ఊళ్ళె వాకిలి ఉండి, చీకటి ఉండి, పిలిస్తె పది మంది వచ్చే వాడకట్టు ఉంటె మాత్రం తీసుకోన్రి, పైన ఒక 600 వైర్లకు పెట్టుకోన్రి. ఐదుకు మూడున్నర ఇస్త, ఆ ఒకటిన్నర కోసింది డబ్బా మీది ల్యూమెన్స్‌కు, 16 రోజుల సర్వీసుకు.

ఫ్లెక్సీ చుట్ట చుట్టి అటక మీద పెట్టి వచ్చిన. సంక్రాంతికి రోజులు మారాయి ఏద్దామని ఉన్నది, ఏరువాక పాట కోసం మా నాయినమ్మ అడిగింది. ఎదురింటి తాత మాత్రం మొన్న మా బాపు ఫోన్ల నుంచి చేసి, ఆపిన కాడికెళ్ళి మళ్ళ మొత్తం చూస్త, ఈసారి నడుమ నేను మాట్లాడ తియ్యి అన్నడు. మాట్లాడాలె తాతా అని చెప్పిన.